ఒక సైజు పైకి

ఉదయగిరి,
జూన్ 9, సోమవారం

నా బంగారు తల్లి గుల్షన్‌కు,

ఆ అల్లా నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం ఈ పొద్దు పదకొండు గంటలకు నా చేతికొచ్చింది. ఆ సమయంలో నేను ఒక ఆటో ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తున్నాను. పోస్టుమ్యాన్ వచ్చి "నబీ రసూల్ భాయ్, నీకే ఉత్తరం" అంటే కరెంటు బిల్లేమో అనుకున్నాను. కవరు మీద నీ అక్షరాలు చూశాక ట్యూబు తొట్టిలోనే వదిలేశాను. ఆటో అతను గొణిగాడు. గొణగనీ. మూడేళ్ల తర్వాత నా కూతురు నాకు ఉత్తరం రాస్తే ఆటో కాసేపు ఆగలేదా.

లారీ టైరు పేలిన రోజు నా ఎడమ చెవి పోయిందనీ, ఫోన్లో నాకు సగం మాటలు వినబడవనీ గుర్తుపెట్టుకుని ఉత్తరమే రాశావు. ఈ మూడేళ్లూ మీ అమ్మీతో నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే నేను గోడవతల కూర్చుని, ఆమె ఊకొట్టడాన్ని బట్టి నువ్వేం చెబుతున్నావో ఊహించుకునేవాణ్ణి. ఇప్పుడు నీ మాటలు నా జేబులో ఉన్నాయి. మీ అమ్మీకి నాలుగుసార్లు చదివి వినిపించాను. "అబ్బా" అని మొదలుపెట్టావు చూడు, ఆ మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతుంటే ఆమెకు విసుగొచ్చింది. "ఆడే ఉండిపోతే ఎట్ట, ముందుకు పో, బిడ్డ ఏందో అడిగిందంట గదా" అనింది.

అడిగావు తల్లీ, అడిగావు. ఉదయగిరి బస్టాండు పక్కన పంచర్లు వేసుకునే ఆరో తరగతి వాణ్ణి బెంగుళూరు గ్యారేజీ నుంచి సలహా అడిగావు. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడు. పాతకాలపు చిన్న కారు, రెండే సీట్లు, పైకప్పు మడిచేది, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలది, ముప్పై ఏళ్లు ఏదో షెడ్డులో పడి ఉన్నది. దాన్ని ఎనిమిది నెలలు నువ్వొక్కదానివే విప్పి, కడిగి, మళ్లీ బిగించావు. ఇక టైర్లే మిగిలాయి. పాత టైరు మీద 5.20-13 అని ఉంది, అది ఇప్పుడు బజార్లో దొరకదు. వెడల్పుగా ఉంటే అందంగా ఉంటుందని మీ ఓనరు 175/70 వేయమంటున్నాడు. నువ్వు కాదన్నావు. అట్లయితే సైజు నువ్వే చెప్పు, సరిపోతే ఇకమీద పాత కార్ల పనంతా నీ చేతిలో పెడతాను, తప్పితే మళ్లీ ఆయిలు మార్చే పనికి పో అన్నాడు. ఇరవై రెండో తారీఖు ఆదివారం ఆ కారు యజమాని భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఘాటు రోడ్డు మీద తీసుకుపోతాడు. అంతే కదా.

లెక్క చూడు. 5.20 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో. మిల్లీమీటర్లలో 132. ఆ కాలపు నైలాన్ టైరు ఎత్తు దాని వెడల్పుకు కాస్త తక్కువ, 125 అనుకో. 13 అంటే రిమ్ము. ఇప్పటి రేడియల్‌కు మొదటి అంకె వెడల్పు, రెండోది ఆ వెడల్పులో వందకు ఎంత ఎత్తో చెప్పేది. 155/80 తీసుకుంటే ఎత్తు 124 వస్తుంది. పాతదానికి ఒక్క మిల్లీమీటరే తేడా. లెక్క ప్రకారం అదీ సైజు.

కానీ మీ అబ్బా నలభై ఏళ్ల అనుభవం లెక్కకన్నా పెద్దది. ఈ దారిలో నేను నేర్చుకున్న పాఠం ఒకటే: లెక్కకొచ్చిన సైజు కన్నా ఒక సైజు పైకి వెయ్యి. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో తొమ్మిది మంది ఎక్కుతారు. జీపు మీద మనుషులు, లోపల మేకలు, వెనక మన కొయ్య గరిటెల పనివాళ్ల నర్ది కర్రల మోపులు. కంపెనీ లెక్క నమ్ముకున్నవాడు వరికుంటపాడు దాటకముందే రోడ్డు పక్కన కూర్చుంటాడు. అందుకని 165/80 వెయ్యి. కళ్లు మూసుకుని వెయ్యి. మీ ఓనరు అడిగితే మా అబ్బా చెప్పాడని చెప్పు.

పుల్లల చక్రం కాబట్టి లోపల ట్యూబు తప్పదు. పుల్లల చివర్లు ట్యూబును పొడవకుండా రిమ్ము చుట్టూ రబ్బరు పట్టీ వెయ్యి. నాలుగూ ఒకే రకం టైర్లుండాలి. ఇవి నీకు తెలుసు, అయినా రాయకుండా ఉండలేను. ఈ చెయ్యి ఈ పొద్దు ఆగనంటోంది.

ఇంకా రాయాల్సిన సంగతి ఒకటుంది. దాన్ని ఈ సంతోషంలో కలపను.

భూమ్మీద కాలు ఆనని,
మీ అబ్బా
నబీ రసూల్


ఉదయగిరి,
జూన్ 13, శుక్రవారం, జుమ్మా నమాజు తర్వాత

అమ్మా గుల్షన్,

ముందు ఈ ఒక్క మాట చదువు. 165 వేయొద్దు. వేసి ఉంటే తీసెయ్యి. 155/80 వెయ్యి. నేను తప్పు చెప్పాను.

ఎట్లా తెలిసిందో చెబుతాను. నీకు సైజు చెప్పాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. నా కూతురి కారుకు వేయబోయే టైరును ఒకసారి చేత్తో తాకి చూడాలని నిన్న ఆత్మకూరు బస్సెక్కాను. అక్కడ ఒక పెద్ద టైర్ల షాపులో 165/80 చూపించమన్నాను. షాపతను తీసి దొర్లించాడు. కొత్త రబ్బరు వాసన, నిగనిగలాడుతోంది. దాన్ని నిమురుతూ నిలబడితే అతను మామూలుగా అడిగాడు: "ఏం బండి భాయ్? లోడెంత ఏస్తారు?"

చెప్పబోయి ఆగిపోయాను. లోడు. ఏం లోడు? ఒక మొగుడు, ఒక పెళ్లాం. ఆమె చేతిలో ఒక సంచి ఉంటే ఉంటుంది. ఆ కారు మొత్తం బరువు ఏడు వందల కిలోలని నువ్వే రాశావు. మన సీతారాంపురం జీపు మీద ఎక్కే సరుకంత ఉండదు ఆ కారు. మోతబండ్లకు చెప్పే మాటను నీ పిట్టలాంటి బండికి చెప్పాను. నలభై ఏళ్లుగా నా నోటికి అలవాటైన మాట, నీ ఉత్తరం అందిన సంతోషంలో ఆలోచించకుండా జారిపోయింది.

అక్కడే నేల మీద కూర్చుని మళ్లీ లెక్కేశాను. 165లో ఎనభై అంటే ఎత్తు 132. పాతదానికన్నా ఏడు మిల్లీమీటర్లు ఎక్కువ. వెడల్పూ ఎక్కువే. ముందు చక్రం తిప్పినప్పుడు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరడం కష్టమని నీ ఉత్తరంలోనే రాశావు. నేను నాలుగుసార్లు పైకి చదివానే, ఒక్కసారీ వినలేదు. పైగా నీ రిమ్ము వెడల్పు నాలుగంగుళాలే, దాని మీద 165 పొట్ట ఉబ్బినట్టు కూర్చుంటుంది. ఇద్దరూ కూర్చుంటే కారు కిందికి దిగుతుంది, మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు రేకు టైరు పక్కను కోస్తుంది. ఘాటు రోడ్డు మీద తల్లీ. తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా నాకు ఆ రేకే కనబడుతోంది.

వచ్చీ రాగానే నీకు ఫోను చేయించాను. మోగుతోంది, ఎత్తడంలేదు. పని వేళ ఫోను దగ్గర పెట్టుకోనివ్వరని మీ అమ్మీ చెప్పింది. సాయంత్రం నువ్వు ఎత్తినా నాకు వినబడదు. మీ అమ్మీతో ముందుగా ఒకసారి చెప్పించి చూస్తే నూట యాభై అయిదును నూట అరవై అయిదు చేస్తోంది, మూడుసార్లు అట్లే చేసింది. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఎప్పుడు చేరుతుందో. ఒకటే దారి కనబడింది. వరికుంటపాడు నుంచి స్కూటీ మీద వచ్చే రెబెకమ్మ టీచరు బండి వెనక చక్రం పంచరై నా షాపులోనే ఉంది. సాయంత్రం తీసుకుపోవడానికి వస్తుంది. ఆమెకు పెద్ద ఫోనుంది. ఈ కాగితాలను ఫొటో తీసి నీకు పంపమంటాను.

పంపితే ఆమె చదువుతుంది. చదివితే నువ్వు గ్యారేజీలో పని చేస్తున్నావని తెలిసిపోతుంది. నేను దాచిన సంగతి అదే. నీకూ తెలుసు. కానీ నా నోటితో ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నువ్వు పాలిటెక్నిక్ చదివి బెంగుళూరు గ్యారేజీలో చేరినప్పుడు నేను ఊళ్లో అందరికీ బ్యాంకు ఉద్యోగమని చెప్పాను. టీ షాపు ఇషాక్‌కు చెప్పాను, రెబెకమ్మ టీచరుకు చెప్పాను, మసీదు దగ్గర చెప్పాను. గ్రీసు చేతుల ఆడపిల్లను ఎవరు చేసుకుంటారని భయం. అంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. నా బతుకంతా ఈ నల్ల చేతులతో పోయింది, అన్నం తినేటప్పుడు కూడా గోళ్లలో నలుపు పోదు. నా బిడ్డ చేతులు తెల్లగా ఉన్నాయని చెప్పుకోవాలని ఉండేది. ఇదే నిజం.

దాని తర్వాత వింజమూరులో మీ చిన్నమ్మ కొడుకు పెండ్లి. అన్నాల దగ్గర, అందరి ముందర, "బ్యాంకులో ఏ సీటు పాపా?" అని ఎవరో నిన్ను అడిగారు. నేను రెండు బల్లల అవతల ఉన్నాను. ఎవరడిగారో చూడలేదు, నీ మొహమే చూశాను. నువ్వు నా వైపు తిరిగావు. నా పరువు నీ నాలుక మీద ఉంది. నువ్వు నిదానంగా, అందరికీ వినబడేట్టు "క్యాషు దగ్గర" అన్నావు. విస్తరి సగంలోనే లేచి చేతులు కడుక్కుని బస్సెక్కి పోయావు. నా పరువు నిలబెట్టి నాతో మాట మానేశావు. నువ్వు అరిచి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అంతకుముందు సంగతీ రాసేస్తాను, కలం పట్టినప్పుడే. నీకు ఎనిమిదేళ్లప్పుడు మా అబ్బా, అదే మీ దాదా, గరిటెలు చెక్కే నర్ది కర్రతో నీ చేతికి సరిపడా ఒక సుత్తి చేసిచ్చాడు, టైరు అంచు కొట్టడానికి. పదమూడేళ్లప్పుడు గిరాకీల ముందర దాన్ని నీ చేతిలోంచి లాక్కుని, ఇంట్లోకి పో, ఇది నీ పని కాదు అన్నాను. నువ్వు ఏడవలేదు. చేతులు గౌనుకు తుడుచుకుని పోయావు.

టైరు సంగతి ఒక కాగితం మీద, ఇదంతా ఇంకో కాగితం మీద రాసి మొదటిదే ఫొటో తీయించొచ్చని అనుకున్నాను. దాంట్లోనూ గ్యారేజీ ఉంటుంది. దాచి ప్రయోజనం లేదు. నా పరువు పోతే పోయింది, ఆ రేకు టైరును కోయకూడదు. నా మాట విని మీ ఓనరు ముందు నువ్వు తల వంచుకోకూడదు. ఎవరడిగినా మా అబ్బా తప్పు చెప్పాడని చెప్పు. నిజంగానే తప్పు చెప్పాను, రెండు విషయాల్లో.

అదుగో స్కూటీ కోసం వస్తోంది ఆమె.

మీ అబ్బా


ఉదయగిరి,
జూన్ 25, బుధవారం

నా కంటి వెలుగు, నా పెద్ద మెకానిక్కు గుల్షన్‌కు,

నీ ఫొటో చూశాను. ఆ ఎర్ర కారు ఘాటు రోడ్డు మలుపు దగ్గర ఆగి ఉంది, చక్రాల్లో టైర్లు కొలిచి పోసినట్టు ఉన్నాయి. ఎక్కువా కాదు, తక్కువా కాదు. పక్కన నువ్వు. మీ అమ్మీ కారును చూడనే లేదు, నువ్వు చిక్కావని అంటోంది. ఆదివారం నుంచి ఆ ఫొటో చూపించమని రెబెకమ్మ టీచరును ఎన్నిసార్లు అడిగానో. ఆమె విసిగిపోయి వింజమూరులో ప్రింటు తీయించి తెచ్చిచ్చింది. ఇప్పుడది షాపులో గాలి మిషను పైన ఉంది.

ఆ శుక్రవారం ఏం జరిగిందో నీకు రాయాలి. కాగితాలు ఆమె చేతికిచ్చి, నేను అటు తిరిగి స్కూటీ చక్రం బిగిస్తున్నట్టు నిలబడ్డాను. బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తున్నాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలూ చదివింది, టీచరు కదా, చదవకుండా ఫొటో తీయలేదు. తర్వాత, "రసూల్ భాయ్, కాగితం సరిగ్గా పట్టుకో, కదిలితే అంకె చెదిరిపోతాది" అనింది. నా నల్ల చేతులతో పట్టుకున్నాను. ఫొటో పోయిందని చెప్పాక, ఫోను సంచిలో వేసుకుని మెల్లగా అడిగింది: "ఇంక మేము పాపను బ్యాంకు గురించి అడిగే పని లేదు గదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను ఇషాక్ టీ షాపుకు తీసుకుపోయి, "ఇషాకూ, రసూల్ భాయ్ చెప్పేసినాడు" అనింది. ఇషాక్ గ్లాసు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "అల్లా దయ. నీ బ్యాంకును ఇన్నేండ్లూ మేమే గదయ్యా నడిపింది. కాళ్లు నొప్పులు పుట్టినాయి" అన్నాడు.

అందరికీ తెలుసు తల్లీ. నువ్వు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మీ అమ్మీ అందరికీ చెప్పేసింది. బిడ్డ కార్లు బాగుచేస్తాదని గొప్పగానే చెప్పిందట. చెప్పి, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు, ఆయన ముందర మాత్రం బ్యాంకనే అనండి అని మాట తీసుకుందట. నేను గుండెల్లో బండ పెట్టుకుని అబద్ధం చెప్పినప్పుడల్లా, వాళ్లు నా మీద జాలితో దాన్ని నమ్మినట్టు నటించారు. నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది. ఎవరికీ దాగని సంగతిని దాచడానికి నీతో మూడేళ్ల మాట పోగొట్టుకున్నాను.

ఇషాక్ టీ ఇచ్చి నా పక్కన కూర్చున్నాడు. వింజమూరు పెండ్లిలో ఆ మాట అడిగింది ఎవరో అప్పుడు తెలిసింది. "నేనే రసూలూ. ఆ పొద్దు నువ్వు దిగులుగా ఉండావు. నీకు కాస్త సంతోషంగా ఉంటాదని అడిగినా. నీ మొహం చూసినా గానీ, పాప మొహం చూడలా" అన్నాడు. పాపకు ఈ మాట రాయమని నాచేత ప్రమాణం చేయించాడు. రాశాను.

ఇంటికొచ్చి మీ అమ్మీని నిలదీశాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, "నువ్వు అబద్ధం చెప్తే నేను నిజం చెప్పకూడదా ఏంది? ఒక ఇంట్లో రెండూ ఉండాలి" అనింది. నేనూ పక్కన కూర్చుని రాళ్లేరాను.

ఇక నువ్వు పంపిన సందేశం. టీచరు చదువుతుంటే కుడి చెవి అటు పెట్టి విన్నాను, తర్వాత కాగితం మీద రాయించుకున్నాను. నా మొదటి ఉత్తరం శుక్రవారం ఉదయమే అందిందని, నేను చెప్పాను కాబట్టి కాదనలేక ఒక 165 తెప్పించి ముందు చక్రానికి వేసి చూశావని రాశావు. ఒక్కటే వేశావు చూడు, అక్కడే నువ్వు నాకన్నా పెద్ద పనిమంతురాలివి. ఇద్దరిని సీట్లలో కూర్చోబెట్టి, మడ్‌గార్డు లోపలి అంచుకు సుద్ద పూసి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించావు. టైరు పక్కన తెల్ల గీత పడింది. వెంటనే విప్పేశావు. 155 తెమ్మని చెప్పి బయటికొచ్చి ఫోను తీస్తే నా రెండో ఉత్తరం ఫొటో ఉంది.

ఆ సుద్ద పరీక్ష నీకు తొమ్మిదేళ్లప్పుడు నేనే చూపించానట. నాకు గుర్తే లేదు. మన బడి నుంచి నువ్వు సుద్దముక్క తెచ్చేదానివట, జీపు కింద దూరి పూసేదానివట. నువ్వు రాశాక గుర్తొచ్చింది. నీ జడ కొసకు సుద్ద అంటుకుని ఉండేది, మీ అమ్మీ దులిపేది. "అబ్బా, నువ్వు చెప్పిన సైజు తప్పు. నువ్వు నేర్పిన సుద్ద తప్పు చెప్పలా" అని రాశావు. ఈ ముక్క నేను చచ్చేదాకా జేబులో ఉంటుంది. మీ ఓనరు సైజు ఎవరు చెప్పారని అడిగితే "మా నాన్న, పంచరు షాపు, ఉదయగిరి" అని చెప్పావట. నా షాపు పేరు బెంగుళూరులో పలికావు. తప్పు మాట కూడా నా మీద వేయలేదు. మళ్లీ నా పరువు నిలబెట్టావు, ఈసారి నాతో మాట్లాడుతూ నిలబెట్టావు. పాత కార్ల పనంతా ఇక నీ చేతికే ఇచ్చారని విని మీ అమ్మీ సేమ్యా పాయసం చేసి బస్టాండంతా పంచింది. ఏం విశేషమని కొత్త కండక్టరు అడిగితే, నా కూతురు కార్ల మెకానిక్కు అని చెప్పాను. గట్టిగా చెప్పాను. చెవిటివాడి గొంతు కదా, డ్రైవరుకు కూడా వినబడింది.

వచ్చే నెల రెండు రోజులు వస్తానన్నావు. నువ్వు వచ్చేదాకా ఆగలేక ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిలు పంపుతున్నాను. గుడ్డలో చుట్టి ఉన్నది మీ దాదా చేసిన సుత్తి. నీ దగ్గర లాక్కున్న రోజు నుంచి నా పనిముట్ల పెట్టె అడుగున ఉంది. పారేయలేదు, వాడలేదు, ఏడాదికొకసారి నూనె రాసి మళ్లీ అక్కడే పెట్టేవాణ్ణి. ఎందుకు రాస్తున్నానో నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. నర్ది కర్ర, ఒక్క చీలిక కూడా రాలేదు.

పిడి మాత్రం ఎనిమిదేళ్ల పిల్ల చేతికి చేసింది. ఇప్పుడు నీ పిడికిట్లో ఇమడకపోవచ్చు. నీ చేతికి దారం చుట్టి కొలత రాయి. మీ దాదా దగ్గర పని నేర్చిన వాళ్లు ఇంకా ఇక్కడ ఉన్నారు, కొత్త పిడి వేయిస్తాను. నా అంతట నేను ఒక సైజు పైకి వేయించను. నువ్వు ఎంత రాస్తే అంతే.

నీ కొలత కోసం కాచుకుని ఉన్న,
పంచర్ల నబీ రసూల్,
మెకానిక్కు గుల్షన్ వాళ్ల అబ్బా